ముప్పై ఒక్క పచ్చదీపాలు

విడత 9వ రోజు

నా పేరు దస్తగిరి. దిగువ ప్రాంగణంలో కూడలి యాప్‌ను నడిపేదీ, పాడైతే బాగుచేసేదీ నేనే. యాప్‌లో పెద్ద మార్పు మొదలుపెడితే పనిపుస్తకం రాయాలని ఇక్కడ నియమం. ఏం చేశావన్నదే కాదు, ఏమనుకుని చేశావన్నదీ రాయాలట. ఇన్నేళ్లలో నా పుస్తకం ఎవరూ తెరిచి చూసిన పాపాన పోలేదు, అందుకని నాకు తోచినట్టు రాసుకుంటాను.

పొద్దున ప్రమీల మేడం పిలిపించారు. ఆవిడ ప్రాంగణ నిర్వాహకురాలు. సుంకులమ్మ అనే విద్యార్థిని పేరు పక్కన రెండో ఎర్రచుక్క పడిందట. ఒకే చదువు విడతలో మూడోది పడితే పైకి పంపించాలి. పైకి అంటే నేల మీదికి. ఉదయం ఎనిమిది దాటితే అక్కడ మనిషి నీడ లేకుండా నిలబడలేడు. బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాయి తవ్వేసిన పాత గనులన్నీ కలిపి మా ప్రాంగణం కట్టిందే అందుకు. పైకి పోయినవాళ్ల చదువు అక్కడితో సరి.

రోజుకు మూడు పూటలా ఫోనులో సైరన్ మోగించి కూడలి అందరినీ పిలుస్తుంది. తెర మీద నాలుగు ముఖాలు వస్తాయి. ఈ పూట ఎవరితో మాట్లాడావో ఆ ముఖం తాకాలి, కులాసాయేనా కాదా చెప్పాలి. పన్నెండు సెకన్లే గడువు. పలికితే పేరు పక్కన పచ్చదీపం వెలుగుతుంది, నువ్వున్న చోటికి చల్లగాలి వస్తుంది. పలకకపోతే అటుగది, ఇటుగది వాళ్లు వచ్చి తలుపు తడతారు. మనిషిని కళ్లారా చూసి, చుక్క వేయిస్తారు. తొలి ఏళ్లలో ఒకాయన గాలి అందక గదిలోనే పోతే మూడు రోజుల దాకా ఎవరికీ తెలియలేదట. ఆ తలుపు తట్టే ఆచారం అప్పటిది, కూడలి కంటే పాతది.

"ఆ అమ్మాయికి చూపు లేదు దస్తగిరీ. ముఖాలు ఎట్లా తాకుతుంది? ఆ సంగతి మనకు తట్టనే లేదు" అన్నారు మేడం. మనకు అన్నారు గాని ఆ తెర చేసింది నేను.

చూపు, వినికిడి, చేతులు, మాట, వీటిలో ఏదో ఒకటి సరిగా లేనివాళ్లు మొత్తం ముప్పై ఒక్క మంది ఉన్నారు. వాళ్లందరికీ కూడలి అనువుగా ఉండాలి. గడువు నలభై ఐదో రోజు. ఆ రోజు కేంద్ర మండలి తనిఖీ.

విడత 11వ రోజు

సుంకులమ్మను భోజనశాలలో కలిశాను. ఇరవై రెండేళ్లుంటాయి. రాళ్ల చదువు చదువుతోంది. నాపరాయి పొరల్లో ఏనాటివో నాచు అచ్చులు ఉంటాయి, వాటిని వేళ్లతో తడిమి ఏ కాలానివో చెప్తుందట. నేను ఏం కావాలో చెప్పమని కాగితం తీశాను. ఆమె తన భుజం మీది తువ్వాలు తీసి నా ముందు పెట్టింది.

"ఇది మీ ఫోను మీద కప్పుకోండి సార్. గొంతు చదివేటట్టు పెట్టుకోండి. ఇప్పుడు మద్యాన్నం అన్నానికి పేరు రాయించుకోండి."

కప్పుకున్నాను. వేలితో తడుముతుంటే ఫోను చదవడం మొదలుపెట్టింది. బటన్. బటన్. బొమ్మ. పేరు లేని బొమ్మ. బటన్.

"ఏం బటన్?" అని నోరు జారి ఫోనునే అడిగాను.

బటన్, అంది ఫోను.

ఇరవై నిమిషాలు కుస్తీ పట్టాను. చివరికి ఏదో నొక్కితే అభినందనలు అని వినబడింది. తువ్వాలు తీసి చూస్తే కబడ్డీ జట్టులో చేరాను. యాభై ఒక్క ఏళ్ల వయసులో. అప్పటికి భోజనశాల మూసేశారు.

సుంకులమ్మ నవ్వలేదు. "నాకి ఎవరో ఒకరు రాయిస్తాంటారు సార్, మూడేండ్ల నుంచి. రాయించేవాళ్లు మరిచిపోతే ఆ పూట పస్తే. పిలుపుకూ అంతే, పక్కన ఎవరన్నా ఉంటే ముఖం తాకిపెడతారు, లేకుంటే సుక్కే. నాకి ఎవరూ ఏమీ చేసిపెట్టొద్దు. ఏం అడుగుతాందో వినపడేటట్టు పిలవండి. పలికేదానికి టైము ఇయ్యండి. అంతే" అంది.

ఆకలితో గదికి వచ్చాను. ఈ యాప్‌కు నాకు పోయినేడు మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. అది గోడ మీద నుంచి తీసి పెట్టెలో పెట్టాను.

విడత 16వ రోజు

కూడలిలో తెరలు రెండు వందల పద్నాలుగు. ప్రతి బొమ్మకూ పేరు పెట్టాలి. ప్రతి బటనూ అది చేసే పని చెప్పాలి. గడువు మనిషిని బట్టి పెరగాలి. వినపడనివాళ్లకు సైరన్ బదులు ఫోను అదరాలి. ఐదు రోజుల్లో పంతొమ్మిది తెరలు చేశాను. ఒక్కణ్ణే. ఇంకొకరిని ఇమ్మంటే మేడం చూద్దాం అన్నారు. చూద్దాం అంటే ఏమిటో ఇన్నేళ్ల నౌకరీలో నాకు బాగా తెలుసు.

ఈరోజు జయచంద్ర వచ్చాడు. చక్రాల కుర్చీలో తిరిగే కుర్రాడు, సుంకులమ్మ తరగతే. చేతులు మాట వినవు, మాట మెల్లగా వస్తుంది. పోయిన వారం కులాసా అని తాకబోతే చెయ్యి జారి బాగాలేదు మీద పడింది. నలుగురు మోతమంచం పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. అది చెప్పడానికి అతనికి ఐదు నిమిషాలు పట్టింది, ఎందుకంటే ప్రతి వాక్యం మధ్యలో నేను అందుకుని పూర్తి చేస్తూ వచ్చాను, అదీ తప్పుగా.

చివరికి అతను చెయ్యెత్తి నన్ను ఆపాడు. "నన్ను... చెప్పనీ... అన్నా" అన్నాడు.

సరేనని నోరు మూసుకున్నాను. పాపం అనిపించింది. ఇన్ని అవస్థలు పడి ఈ పిల్లలు పలకడం అవసరమా అనిపించింది.

విడత 23వ రోజు

తనిఖీ ముందుకు జరిగింది. ముప్పయ్యో రోజునే దిగుతున్నారు. వికలాంగ విద్యార్థులు కూడలిలో ఏ మాత్రం పాల్గొంటున్నారో అంకెల్లో చూపించమన్నారు. నేను పూర్తిచేసింది ముప్పై ఎనిమిది తెరలు. ఇంకా నూట డెబ్బై ఆరు మిగిలాయి.

"ఏదో ఒక దారి చూడు దస్తగిరీ. ఆ అమ్మాయి మూడో చుక్కతో పైకి పోతే నా మనసు కుదురుగా ఉండదు" అన్నారు మేడం. ఆవిడ మనస్ఫూర్తిగానే అన్నారు.

దారి చూశాను. దానికి ఊతం అని పేరు పెట్టాను. ఆ ముప్పై ఒక్క మందికీ పిలుపు వెళ్లదు. వాళ్ల తరపున కూడలే పలికేస్తుంది. నాలుగు ముఖాల్లో ఏదో ఒకటి తాకుతుంది. కులాసాయేనా అంటే కులాసా అంటుంది. ఎక్కడి నుంచి పలుకుతున్నట్టు చూపాలి అన్న ఒక్క ఖాళీ మిగిలింది. అందులో ఎవరి గది నంబరు వాళ్లకు వేశాను. మొత్తం అరపూట పని. ఆ చివరి ఖాళీకి రెండు నిమిషాలు పట్టి ఉంటాయి.

చాలా రోజుల తర్వాత మనసు తేలికపడింది. సుంకులమ్మకు ఇక మూడో చుక్క పడదు. మిగిలిన తెరలు తనిఖీ అయ్యాక తీరిగ్గా చేసుకోవచ్చు.

విడత 26వ రోజు

మూడు రోజులుగా తొమ్మిది పిలుపులకు తొమ్మిదిసార్లూ ముప్పై ఒక్క పచ్చదీపాలు. మేడం మా విభాగానికి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెప్పించారు. అందరూ నా వీపు తట్టారు. బజ్జీ నోట్లో ఉండగా సుంకులమ్మ కర్ర చప్పుడు వినిపించింది.

"సార్, మూడు దినాలుగా నాకి పిలుపే రాలేదు. సుక్కా పడలేదు. నా బదులు ఎవరు పలుకుతాండారు?"

చెప్పాను. సంతోషిస్తుందనే అనుకున్నాను.

"నేను కులాసాగా ఉండానని చెప్పిందా అది?"

"అవునమ్మా."

"నిన్న నాకి జొరం సార్."

నాకు చిర్రెత్తుకొచ్చింది. పదిమంది ముందు నిలదీస్తుంటే ఎవరికైనా వస్తుంది. "నువ్వు పైకి పోకుండా కాపాడితే నన్నే తప్పుపడతావేం?" అన్నాను.

"కాపాడమని నేను అడగలేదు సార్. పిలవమని అడిగినా. నా పేరు దాంట్లో నుంచి తీసేయండి. సుక్క పడితే పడనీ."

ముప్పై ఒకటో రోజున తీసేస్తానన్నాను. "మీ చేతిలో ఉండాది గదా సార్, మీ ఇష్టం" అని వెళ్లిపోయింది.

ఒక పేరు తీసేయడం ఒక్క నిమిషం పని. తనిఖీలో ముప్పై ఒకటికి బదులు ముప్పై కనబడుతుందని తీయలేదు. ఏమనుకుని చేశావో రాయాలన్నారు గనుక రాస్తున్నాను.

విడత 29వ రోజు

ఇది ఇప్పుడే రాయాలి, రేపటికి నాకు అనుకూలంగా మార్చి రాసుకుంటానేమోనని భయంగా ఉంది.

మధ్యాహ్నం పిలుపు అయింది. అన్నీ పచ్చదీపాలే. గంట తర్వాత జయచంద్ర నా గదికి వచ్చాడు. "సుంకు... లమ్మ... అన్నానికి... రాలే" అన్నాడు.

నేను తెర చూశాను. సుంకులమ్మ, గది నూట నలభై రెండు, కులాసా. "గదిలోనే ఉంది, హాయిగా ఉంది చూడు" అని తెర అతని వైపు తిప్పాను. ఆ దీపం వెలిగించింది నేను. ఆ గది నంబరు వేసింది నేను. అయినా తెర మీద కనబడగానే నమ్మేశాను. అతను ఏదో అనబోతే, "నిద్రపోతూ ఉంటుందిలే" అని అందుకున్నాను.

"కా... దు" అన్నాడు. నాకు తనిఖీ కాగితాల పని ఉందన్నాను. వెళ్లిపోయాడు.

అరగంటకు మళ్లీ వచ్చాడు. ఆ కుర్చీతో రెండు ఏటవాలు దారులు ఎక్కి ఆమె గది దాకా పోయి, తలుపు తట్టి వచ్చాడు. వేళ్ల కణుపులు కందిపోయి ఉన్నాయి. "తలుపు... తీ... యలే" అన్నాడు. అటుగది, ఇటుగది వాళ్లు వెళ్లలేదు. వాళ్లెందుకు వెళ్తారు, వాళ్ల తెర మీదా పచ్చదీపమే కదా.

కాగితాలు పక్కన పడేసి లేచాను. ఎక్కడికి పోయి ఉంటుందని అడిగాను. అతను "ఆ..." అని ఆగాడు. ఈసారి నేను అందుకోలేదు. ఆ మాట పూర్తయ్యేదాకా అతని పెదవులే చూస్తూ నిలబడ్డాను.

"ఆరో... గ్యాలరీ."

అక్కడ రాళ్ల నమూనాలు దాచిపెడతారు. మధ్యాహ్నం పిలుపుకు అక్కడి నుంచి ఎవరూ పలకలేదు, కాబట్టి అక్కడ మనిషి లేడని కూడలి అరగంటలో గాలి ఆపేసింది. గాలి తగ్గితే గుమ్మం మీద ఎర్రదీపం వెలుగుతుంది. మేం వెళ్లేసరికి అది వెలుగుతూనే ఉంది. సుంకులమ్మ బల్ల కింద పడి ఉంది. పిలిస్తే పలకలేదు. ఎత్తి జయచంద్ర ఒళ్లో పడుకోబెట్టాను. అతను రెండు చేతులతో ఆమెను పొదివి పట్టుకున్నాడు, నేను కుర్చీ తోసుకుంటూ పరుగెత్తాను.

ఊపిరి ఉంది. ఇంకో పావుగంట అయి ఉంటే ఉండేది కాదన్నారు డాక్టరు.

ముఖానికి గాలిగొట్టం పెట్టి ఆమెను మంచం మీద పడుకోబెట్టారు. నేను పక్కనే ఉండగా సాయంత్రం పిలుపు వచ్చింది. నా తెర మీద మళ్లీ అదే. సుంకులమ్మ, గది నూట నలభై రెండు, కులాసా. అది చూశాక ఇంక కూర్చోలేకపోయాను. ఎవరినీ అడగకుండా అక్కడే ఊతం మొత్తం తీసేశాను. ముప్పై ఒక్క దీపాలూ ఆరిపోయాయి. కాసేపటికి వరండాల పొడుగునా తలుపులు తట్టే చప్పుడు మొదలైంది.

విడత 30వ రోజు

తనిఖీవాళ్లు దిగకముందే మేడం నన్ను పక్కకు పిలిచారు. రాత్రంతా ఏడ్చినట్టున్నారు. "పిలుపు సమయంలో గది వదిలి గ్యాలరీకి వెళ్లిందని రాద్దాం దస్తగిరీ. అది అబద్ధం కాదుగా" అన్నారు.

"పిలిచి ఉంటే గ్యాలరీ నుంచే పలికేది మేడం. మనం పిలవలేదు. ఆమె తరపున నేను పలికాను."

ఈ పుస్తకం తీసుకెళ్లి తనిఖీవాళ్ల ముందు పెట్టాను. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు చదివారు. కబడ్డీ దగ్గర కూడా ఎవరూ నవ్వలేదు. నన్ను తీసేస్తారనుకున్నాను. పాడుచేసినవాడే బాగుచేయాలని ఉంచారు. నిన్న సాయంత్రం పడ్డ చుక్కలు కొట్టేశారు, మొత్తం పూర్తయ్యేదాకా ఆ ముప్పై ఒక్క మందికి చుక్కలు వేయకూడదు, ప్రతి పిలుపుకూ మనిషే తలుపు దగ్గరికి పోయి పలకరించి రావాలి. ఒక వరస గదులు నాకే వేశారు. మూడు పూటలా తిరగాలి.

విడత 34వ రోజు

సుంకులమ్మ లేచి కూర్చుంది. తల నొప్పి తగ్గింది గాని కుడిచేతి వేళ్లు మొద్దుబారాయి. "రాయి పట్టుకుంటే గుడ్డలో సుట్టి పట్టుకున్నట్టు ఉండాది సార్" అంది. తిరిగి వస్తుందో రాదో డాక్టరు చెప్పలేకపోతున్నారు. ఆ వేళ్లే ఆమె చదువు.

తప్పు నాదే, క్షమించమ్మా అన్నాను.

ఆమె నిదానంగా చెప్పింది. "ఆ పొద్దు కండ్లు తిరుగుతాంటే నేను భయపడలేదు సార్. పిలుపుకు పలకలేదు గదా, ఎవరో ఒకరు తలుపు కొట్టి, ఆనక ఎతుక్కుంటా వస్తారులే అనుకున్యా. మళ్ల గుర్తుకొచ్చింది, నేను పలుకుతానే ఉండానని."

నేను ఏడ్చాను. ఆమెకు వినబడింది. ఊరుకోమని అనలేదు, అనకపోవడమే న్యాయం.

విడత 47వ రోజు

రోజూ ఉదయం సుంకులమ్మ, జయచంద్ర నా గదికి వస్తున్నారు. నేనొక తెర చేస్తాను, తువ్వాలు కప్పుకుని నేనే మొదట వాడతాను, తర్వాత వాళ్లకిస్తాను. వాళ్లు పది తప్పులు పడతారు. నాకు కోపం వస్తుంది, మళ్లీ చేస్తాను. ముఖాలు తాకే పద్ధతే తీసేశాం. ఎవరితో మాట్లాడామో పేరు చెప్పినా చాలు, రాసినా చాలు. గడువు ఎంత ఉండాలని అడిగితే జయచంద్ర మూడు నిమిషాలన్నాడు. పిలుపు మూడు నిమిషాలు ఆగితే ఏం మునిగిపోతుంది, ఇన్నాళ్లూ పన్నెండు సెకన్లు ఎందుకు పెట్టానో నాకే తెలియదు.

గాలి తగ్గితే ఇప్పుడు గుమ్మం పలుకుతుంది, ఫోను అదురుతుంది. అది అన్నిటికంటే ముందు చేశాను. మేడం కూడా మధ్యాహ్నాలు వచ్చి బొమ్మలకు పేర్లు పెడుతున్నారు.

విడత 58వ రోజు

రెండు వందల పద్నాలుగో తెర అయింది. ఈ పూట నుంచి తలుపుల దగ్గరికి మనుషులు వెళ్లరు. కూడలే పిలుస్తుంది, చుక్కలు కూడా మళ్లీ అందరికీ ఒకటే. ఉదయం పిలుపు వెళ్లాక నేను గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

"సుంకులమ్మ. ఆరో గ్యాలరీలో ఉండా. జయచంద్రతో మాట్లాడినా. కులాసా కాదు, వేళ్లు ఇంకా సరి కాలేదు." నలభై సెకన్లు.

పేరు పక్కన దీపం వెలిగింది. ఆరో గ్యాలరీలో గాలి తిరిగింది.

విడత 60వ రోజు

మధ్యాహ్నం పిలుపుకు ఒక్కరు తప్ప అందరూ పలికారు. గది నూట నలభై రెండు. మూడు నిమిషాలూ అయిపోయాయి, సుంకులమ్మ పలకలేదు.

పరుగెత్తాను. నేను వెళ్లేసరికి అటుగది అమ్మాయి, ఇటుగది అమ్మాయి ఇద్దరూ తలుపు బాదుతున్నారు. తలుపు తెరుచుకుంది. సుంకులమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, ఒంట్లో బాగానే ఉంది.

"పిలుపు వినపడలేదా?" అన్నాను రొప్పుతూ.

"బాగా వినపడింది సార్."

"మరి పలకలేదేం?"

"నేను పలకకపోతే పలకలేదని తెలుస్తాదా లేదా అని."

"మా పానాలు పోయినాయి గదనే" అని అటుగది అమ్మాయి గుమ్మంలోనే చతికిలబడి ఏడ్చింది. ఇటుగది అమ్మాయి ఫోను తీసి, చుక్క వేయించబోయి, నా ముఖం చూసి ఆగింది. వేస్తే అది మూడోది.

నేను వద్దన్నాను. పరీక్ష కోసం చేసిందని రాసుకుందాం అన్నాను.

"వేయండి సార్" అంది సుంకులమ్మ. "ఇది నాది. పిలిచినారు, నేను పలకలేదు. ముందర రెండూ ఎవరివో నాకి తెల్దు."

నాకు తెలుసు. అక్కడే నేల మీద కూర్చుని ఫోనులో ఆమె చుక్కల పుట తెరిచాను. నాలుగో రోజు ఒకటి, ఎనిమిదో రోజు ఒకటి. రెండూ కొట్టేశాను. ఎవరైనా అడిగితే చూపించడానికి పక్కనే కారణం రాశాను: ఆమె పలకగలిగేటట్టు పిలవలేదు, ఈ చుక్కలు చెల్లవు, తప్పు పిలిచినవాడిది, దస్తగిరి. ఈ పుస్తకంతో పాటు అదీ మండలికి పంపుతాను. కాదంటే నన్ను పైకి పంపించుకోవచ్చు.

దాని కింద అరవయ్యో రోజు చుక్క వేశాను.

"ఏమని రాసినారో చదవండి సార్."

"సుంకులమ్మ, గది నూట నలభై రెండు. పిలిచారు, పలకలేదు. ఇద్దరు వచ్చి తలుపు తట్టారు. ఒక చుక్క."

ఆమె తల వంచి విన్నది. తర్వాత, ఇంకోసారి చదవమంది.